ఏప్రిల్‌లో నీళ్ళున్న ఇల్లు

మా వంటింటి గుమ్మం పక్కన గోడకు ఒక చెక్క ఉండేది. చెక్క నిండా మేకులు, మేకుల నిండా తాళంచెవులు. ఒక్కటీ మాది కాదు. రిటైరై విశాఖపట్నం వెళ్ళిపోయినవాళ్ళూ, బదిలీ మీద వేరే దీవికి వెళ్ళినవాళ్ళూ "దీదీ, ఇల్లు కాస్త చూస్తూ ఉండు" అని నా చేతిలో పెట్టి ఓడెక్కేసేవాళ్ళు. ఊరికే చూడటం నా వల్ల అవుతుందా? అద్దెకు మనుషుల్ని కుదర్చడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు అవే ఇళ్ళు అమ్మిపెట్టమన్నారు. అలా పోర్ట్‌బ్లెయిర్ శివారు గరాచర్మలో నా అసలు పేరు పోయి చాబీ దీదీని, అంటే తాళంచెవుల అక్కనయ్యాను. హార్బరులో గుమాస్తాగా చేసే మా ఆయన "సగం ఊరు మన వంటింట్లో వేలాడుతోంది, ఉప్పు డబ్బా మాత్రం కనిపించదు" అని ఎత్తిపొడిచేవాడు.

మా తాత స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో చాతం రంపపు మిల్లులో పనికని అండమాన్ వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. నేను పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్ళోనే. నా తెలుగులో హిందీ ఎప్పుడు దూరుతుందో నాకే తెలియదు. నోరు కాస్త పెద్దదే, అదీ ఒప్పుకుంటాను. ఇళ్ళు చూపించే పనికి ఆ నోరు బాగా పనికొచ్చింది.

ఖాళీ ఇల్లు చూపించడం ఏముంది, తాళం తీసి పక్కన నిలబడితే చాలు. మనుషులు కాపురముంటున్న ఇల్లు చూపించడమే చచ్చే చావు. కొనేవాడు లోపలికి వస్తాడు. మంచం మీద పడుకున్న ముసలాయన లేవాలో వద్దో తెలియక సగం లేచి ఆగిపోతాడు. పొయ్యి మీద పులుసు ఉడుకుతుంటే ఆ ఇంటావిడ మంట తగ్గించి గోడకు అతుక్కుపోతుంది. వచ్చినవాడు గోడ తట్టి చూస్తాడు, కిటికీ రెక్క ఊపి చూస్తాడు, "ఇది పడగొడితే హాలు పెద్దదవుతుంది" అంటాడు. ఆ గోడకే వాళ్ళ దేవుడి పటం ఉంటుంది. మనుషుల్ని ఎదురుగా పెట్టుకుని వాళ్ళు అక్కడ లేనట్టే మాట్లాడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

అందుకని నాకు నేనే కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. చెప్పులు బయటే విప్పించేదాన్ని. బీరువా తలుపు మీద చెయ్యి వేస్తే "భయ్యా, అది ఇంటితో పాటు రాదు" అనేదాన్ని. కుళాయి రోజున ఎవరి గుమ్మమూ తొక్కేదాన్ని కాదు. మా ఊళ్ళో మున్సిపాలిటీ నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి, ఎండాకాలంలో అదీ ఉండేది కాదు. వచ్చిన ఆ కాసేపట్లోనే డ్రమ్ములూ బకెట్లూ చివరికి గిన్నెలూ నింపుకోవాలి. మిగతా బ్రోకర్లు కావాలని ఆ రోజే తీసుకెళ్ళేవాళ్ళు, కుళాయి తిప్పి ధార చూపించవచ్చని. కొనేవాడు ధార చూసి మురిసిపోతుంటే ఆ ఇంటివాళ్ళ డ్రమ్ము సగంలో ఆగిపోయేది. ఆ పాపం నాకొద్దనుకున్నాను.

ఇంకొక పద్ధతి కూడా ఉండేది. చూపించే ఇంట్లో నేను మంచినీళ్ళు తాగేదాన్ని కాదు. తాగిన ఇంటికి వెళ్ళి రేపు "ఖాళీ చెయ్యండి" అని ఏ మొహంతో చెప్పను? అప్పట్లో అది చాలా తెలివైన పని అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికంటే అదే ఎక్కువ బాధపెడుతోంది.

నేను చెప్పబోయే ఇల్లు గరాచర్మ బస్టాపు వెనక, దిగుడు రోడ్డు చివర ఉంది. రేకుల కప్పు, ముందు చిన్న వసారా, పెరట్లో రెండు కొబ్బరిచెట్లు, గోడవారన తమలపాకు తీగ. ఇల్లుగలాయన గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరై విశాఖలో స్థిరపడ్డాడు. అందులో అద్దెకు పెట్టింది నేనే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన చేపలవాళ్ళు, మొగుడూ పెళ్ళాం ఒక ఆడపిల్ల. అతను జంగ్లీఘాట్ రేవు నుంచి డోంగీ పడవ మీద వేటకు వెళ్ళేవాడు. ఆమె బస్టాపు దగ్గర బుట్ట పెట్టుకుని చేపలు అమ్మేది. నాకంటే చిన్నది, ముప్పై దాటి ఉంటుందేమో.

ఆ ఇంటికి రాకముందు వాళ్ళు ఒక కొండవాలు మీద గదిలో ఉండేవాళ్ళు. కుళాయి కింద, గది పైన. ఒక వానాకాలం నిండుబిందె చంకనెత్తుకుని ఎక్కుతూ ఆమె జారిపడింది. కట్టు కట్టించారు గానీ కుడిచేతి మణికట్టు వంకరగా అతుక్కుంది. ఆ తర్వాత ఆ చేత్తో బరువెత్తలేకపోయింది. చెంబు పట్టుకున్నా ఎడమచేత్తో పట్టుకుని కుడిచెయ్యి కింద ఆనించేది.

అందుకే ఆ ఇంటికి మారగానే మొగుడు పెరట్లో నీళ్ళ ట్యాంకు కట్టాడు. ఇల్లుగలాయన ఫోనులో "కట్టుకో, నాకేం" అన్నాడు. వేట లేని రోజుల్లో ఇటుక మీద ఇటుక పేర్చి, రేకుల అంచున తూము బిగించి, వానంతా ట్యాంకులో పడేలా చేశాడు. అడుగున కుళాయి పెట్టి, దాని కింద ఆమె నడుము ఎత్తుకు సరిపోయేలా అరుగు కట్టాడు. బిందె వంగి ఎత్తక్కర్లేదు, అరుగు మీద పెట్టి నింపి అక్కణ్ణుంచే ముంచుకోవచ్చు. ఆ అరుగు ఎత్తు చూస్తేనే తెలిసిపోతుంది అది ఎవరి కోసం కట్టాడో. పొదుపుగా వాడుకుంటే ఒక ఏడాది వాన మళ్ళీ వాన పడేదాకా సరిపోయేది. ఏప్రిల్‌లో మా గరాచర్మలో పెరట్లో నీళ్ళుండటమంటే మాటలా?

ఆమెకు ఒక పట్టు ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా సరే, గుమ్మం దగ్గరే కాళ్ళకు ఒక చెంబు, లోపలికొచ్చాక తాగడానికి ఒక చెంబు. పుట్టింటివాళ్ళు ఓడలో పంపిన ఇత్తడి చెంబు అది. ఎందుకే ఇంత ఇది, అంటే, "మావోల్ల ఇల్లన్నీ ఇసకలోనే కదా దీదీ. ఇసక కాల్లతో ఒచ్చినోల్లకి నీల్లియ్యకపోతే ఎలా?" అనేది. ఇక్కడ ఇసుక లేదు, ఎర్రదుమ్మే. అయినా పద్ధతి పద్ధతే. నేను వెళ్ళినప్పుడల్లా కాళ్ళు కడుక్కునేదాన్ని. తాగే చెంబు దగ్గరికొచ్చేసరికి "ఇప్పుడే తాగొచ్చానే" అనేదాన్ని.

"మీరెప్పుడూ ఇప్పుడే తాగొత్తారు దీదీ" అని నవ్వేది.

ఒక ఏడాది మాఘమాసంలో ఇల్లుగలాయన ఫోను చేశాడు, ఇల్లు అమ్మేస్తానని. ఆ సాయంత్రమే వెళ్ళి వాళ్ళకు చెప్పాను. అతను వల బాగుచేస్తున్నవాడు తలెత్తలేదు. ఆమె మాత్రం నా మొహంలోకి చూసి "అయితే మమ్మల్నెలిపోమంటారా?" అంది.

"అందరూ ఉండటానికే కొంటారటే? అద్దె వస్తుందని కొనేవాళ్ళూ ఉంటారు. వాళ్ళకి నీలాంటి మంచి కిరాయిదారు దొరికితే పండగే. అలాంటివాణ్ణే వెతికి పట్టుకొస్తాను" అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. ఇల్లుగలాయనకు కావలసింది కొనేవాడు, వీళ్ళకు కావలసింది ఉండనిచ్చేవాడు. ఇద్దరూ ఒకడే అయితే నా పని అయిపోతుంది కదా అనుకున్నాను.

వెళ్ళేముందు ఆమెను పక్కకు పిలిచి చెప్పాను. "చూడు అమ్మాయ్, చూడటానికొచ్చినవాళ్ళకి ఈ చెంబులూ గింబులూ వద్దు. పెరట్లోకి అసలు తీసుకెళ్ళకు. ట్యాంకు మీద పాత వల కప్పి ఉంచు. నీళ్ళున్న ఇల్లని తెలిసిందా, అద్దెకిద్దామని వచ్చినవాడు కూడా తనే ఉంటానంటాడు."

"అదేటి దీదీ. ఇంటికొచ్చినోల్లని నోరెండబెట్టి పంపుతామా?"

"వాళ్ళు నీ చుట్టాలు కాదే. నీ ఇల్లు కొనుక్కోవడానికి వచ్చేవాళ్ళు."

"గుమ్మమెక్కినాక ఎవులైతే ఏటి" అంది. వల మాత్రం కప్పించింది.

మొదట వచ్చినాయన ఆఫీసు మనిషి. ఆమె చెంబుతో ఎదురొస్తే బూట్లు తడుస్తాయని పక్కకు గెంతాడు. బస్టాపు దూరమని వంక పెట్టి వెళ్ళిపోయాడు. నాకు లోపల్లోపల సంతోషమే. తర్వాత వచ్చిన దంపతులు పెరటి తలుపు తీయబోయారు. నేను గభాలున అడ్డం నిలబడి వెనక పాములు తిరుగుతుంటాయని చెప్పాను. వెనకనుంచి ఆమె, "పాములేటి దీదీ, నానెప్పుడూ సూడలేదే" అంది. అబద్ధమాడటం రాని మనుషుల కోసం అబద్ధమాడటం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. వాళ్ళు వెళ్ళాక దాన్ని నాలుగు తిట్టాను. అది పమిట నోట్లో కుక్కుకుని నవ్వింది.

చివరికి నేను వెతుకుతున్న మనిషి దొరికాడు. ఉత్తరాన మాయాబందర్ జెట్టీ దగ్గర దుకాణం ఉన్న బెంగాలీ ఆయన. పోర్ట్‌బ్లెయిర్లో అద్దె వచ్చే ఇల్లొకటి ఉంటే పిల్లల పైచదువులకు ఆసరాగా ఉంటుందని చూస్తున్నాడు. పని మీద ఊళ్ళోకి వచ్చి మా ఇంటికే వచ్చి కూర్చున్నాడు. నేను డొంకతిరుగుడు లేకుండా అడిగేశాను, ఉన్నవాళ్ళను ఉంచుతారా అని.

"కిరాయిదార్ రహేగా దీదీ, ఉండనీ. నేనుండేది మాయాబందర్లో, ఇల్లు ఖాళీగా పెట్టుకుని ఏం చేసుకోను?" అన్నాడు. ఈసారి భార్యను తీసుకొచ్చి చూపిస్తానన్నాడు.

అతను అటు బస్సెక్కాడో లేదో నేనిటు దిగుడు రోడ్డు పట్టాను. చెప్పగానే ఆమె రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. ఆ వంకర మణికట్టు నా అరచేతికి తగిలింది. "ఉండనిత్తారా? నిజంగానే?" అని ఎన్నిసార్లు అడిగిందో. వాళ్ళు రాబోతున్నారని తెలిసి వసారా అలికింది, కిటికీలకు చీర ముక్కలతో తెరలు కుట్టింది. ఈసారి చెంబు సంగతి నేనూ ఎత్తలేదు. ఉండనిచ్చేవాళ్ళు వస్తున్నారు, వాళ్ళను మెప్పించాలి గానీ దాచేదేముంది అనుకున్నాను. నాకే అలా అనిపించాక ఆమెను ఏమనను.

ఏప్రిల్ నడిమధ్యాహ్నం వచ్చారు. తెల్లవారకముందే మాయాబందర్లో బస్సెక్కి అడవి దారంతా దుమ్ము తాగుతూ వచ్చిన మనుషులు. ఆయన భార్య పొట్టిగా, సన్నగా ఉంది. కనుబొమల మీద కూడా ఎర్రదుమ్మే. ఒక్క మాటా మాట్లాడలేదు. గుమ్మం దగ్గర మా చేపల అమ్మాయి చెంబు ఆవిడ చేతికివ్వకుండా తనే వంగి కాళ్ళ మీద పోసింది. ఒక చెంబు పోసి, దుమ్ము పోలేదని ఇంకోటి పోసింది. ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, కాళ్ళ మీంచి జారి మెట్టు దిగి తమలపాకు పాదులోకి పోతున్న నీళ్ళనే చూస్తూ నిలబడింది. తాగే చెంబు గుక్క తిప్పుకోకుండా తాగింది.

తాగి, మూతి తుడుచుకుని, మొదటి మాట అడిగింది. "యే పానీ కహాఁ సే?" ఈ నెలలో, ఇంత నీళ్ళు, ఎక్కణ్ణుంచి?

చేపల అమ్మాయి మొగుడు ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపే "రండి దీదీ, సూపిత్తాను" అని ఆవిణ్ణి పెరట్లోకి తీసుకెళ్ళాడు. వల తీశాడు. తూము చూపించాడు, కుళాయి చూపించాడు, ఏ నెలకు నీళ్ళు ఎక్కడికి దిగుతాయో లోపలి గోడ మీద చూపించాడు. తన చేత్తో కట్టింది కదా, ఆ మొహంలో వెలుగు చూస్తే ఆపాలనిపించలేదు. ఆవిడ అరుగెక్కి ట్యాంకులో చెయ్యి పెట్టింది. మోచేతి దాకా పెట్టి, తీయకుండా అలాగే ఉంచింది. ఇంక ఎవరూ నాకేమీ చెప్పక్కర్లేకపోయింది.

బస్టాపుకు నడుస్తూ ఆవిడ మొగుడితో హిందీలో, నాకు వినబడేలాగే చెప్పింది. పెళ్ళయిన నాటినుంచీ నీళ్ళు మోస్తున్నానని, ఈ ఇల్లు అద్దెకివ్వడానికి కాదని, పిల్లల్ని తీసుకుని తనే వచ్చి ఉంటానని. ఆయన నావైపు తిరిగి "దీదీ, మైఁ క్యా బోలూఁ, నేనేం చెప్పను" అన్నాడు.

"ఉంచుతానని మాటిచ్చారు కదా భయ్యా" అన్నాను. గొంతు పెంచే అన్నాను. ఆయన తల దించుకున్నాడు. ఆవిడే మెల్లగా, "ఆ అమ్మాయికి ఇంకో ఇల్లు చూడు దీదీ, నీ దగ్గర చాలా తాళాలున్నాయట కదా" అంది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చాలా చూశాను. ఒక భుజం ఎత్తు, ఒక భుజం దిగుడు, ఏళ్ళ తరబడి ఒకే పక్క మోసిన మనిషి. కోపం రాలేదు. ఎవరి మీద పడాలో తెలియక నా మీద నేనే విసుక్కుంటూ ఇంటికొచ్చాను.

ఇల్లుగలాయనకు ఫోను చేసి ఇంకొకరిని చూద్దామన్నాను. "కొంటామని మనిషి నిలబడి ఉంటే ఇంకొకరెందుకమ్మా?" అన్నాడు. ఆయన మాటా నిజమే. మరునాడు వెళ్ళి చెప్పాను. చెబుతూనే నోరు ఊరుకోక, "నేను ముందే అనలేదా, చెంబులొద్దని?" అని కూడా అనేశాను.

"మండుటెండలో ఒచ్చింది దీదీ. ఎలా మానగలను?"

ఆమే మళ్ళీ అడిగింది. "ఆవిడకి నీల్లు నచ్చాయా?"

"నచ్చాయే" అన్నాను.

"మంచియే మరి. తియ్యగుంటాయి" అంది.

ఆ రాత్రి చెక్క ముందు నిలబడి ఒక్కొక్క తాళంచెవీ ముట్టుకుని చూశాను. వాళ్ళు ఇచ్చుకోగల అద్దెలో, ఆమె బిందె మోయనక్కర్లేని ఇల్లు ఒక్కటీ లేదు. పిల్ల పరీక్షలయ్యేదాకా గడువు అడిగితే మాయాబందర్ ఆయన వెంటనే ఒప్పుకున్నాడు, అంతవరకు మంచివాడే. చాతం నుంచి ఫెర్రీ దాటితే బంబూఫ్లాట్‌లో వాళ్ళ ఊరివాళ్ళెవరో గది చూసిపెట్టారు. వేటకు వెళ్ళే అతను రోజూ ఫెర్రీ మీద ఇటు రావాలి, ఇంకేం చేస్తాడు.

వెళ్ళే రోజున అతను నిచ్చెన వేసుకుని తూములో ఆకులు తీస్తున్నాడు. "వెళ్ళిపోతూ ఇదెందుకయ్యా?" అన్నాను. "వానలొచ్చేత్తాయి దీదీ, అడ్డు పడితే సగం కిందకే పోద్ది" అన్నాడు. ఆమె ఇల్లంతా కడిగించి, కూతురి చేత కొత్తవాళ్ళ కోసం మట్టికుండ ఒకటి నిండా నింపించి పొయ్యి పక్కన పెట్టించింది. నీళ్ళు లేని ఇంట్లో ఎవరి చేతా అడుగు పెట్టించకూడదట. చెంబు ఒక్కటి మాత్రం ఇంకా మూట కట్టలేదు. దాన్ని నింపి తెచ్చి నా ముందు పెట్టింది.

అలవాటు కొద్దీ "ఇప్పుడే తాగొచ్చానే" అన్నాను. మాట నోరు దాటాక గాని నేనేమన్నానో నాకు తెలియలేదు. ఆమె ఎప్పటిలాగే నవ్వి, ఆ నీళ్ళు తమలపాకు పాదులో పోసి, చెంబు పైటచెంగుతో తుడిచి మూటలో పెట్టుకుంది. ఎన్నో ఇళ్ళు చూపించాను, ఎందరితోనో మాటలు పడ్డాను, అవేవీ గుర్తులేవు. ఆ చెంబు తాగి ఉంటే ఏం పోయేదని ఇప్పటికీ అనుకుంటాను.

మాయాబందర్ ఆవిడ వచ్చి బాగానే స్థిరపడింది. మొదటి ఎండాకాలంలోనే చుట్టుపక్కలవాళ్ళు బకెట్లతో రావడం మొదలుపెట్టేసరికి ట్యాంకుకు ఇనప మూత పెట్టించి తాళం వేసింది. సెలవులకు ఊరెళుతూ తాళంచెవులు నాకే ఇచ్చి వెళ్ళేది. ఇంటిది పెద్దది, దానికి కట్టి ట్యాంకుది చిన్నది. మా చెక్క మీద నీళ్ళ తాళంచెవి అదొక్కటే. ఉప్పు డబ్బా వెతుక్కుంటూ మా ఆయన దాన్ని చేత్తో తిప్పి చూసి, మళ్ళీ ఆ మేకుకే తగిలించాడు.

వాళ్ళు వెళ్ళిన మరుసటి ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఫెర్రీ దాటి బంబూఫ్లాట్ వెళ్ళాను. వెళ్ళాలి వెళ్ళాలి అనుకుంటూనే ఏడాది గడిపేశాను. జెట్టీ నుంచి ఎత్తు మీదకు దారి. సగం దారిలో వీధికుళాయి దగ్గర బిందెల వరస ఉంది, మనుషులు నీడలో కూర్చుని ఎదురుచూస్తున్నారు. వాళ్ళలో చేపల అమ్మాయి కూతురు కనిపించింది, చదువుకునే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని. "అమ్మ ఇంటికాడే ఉంది దీదీ" అని పైకి చూపించింది.

నన్ను చూసి ఆమె గుమ్మంలోకి వచ్చేసింది. చిక్కిపోయింది. మంచీచెడ్డా అడిగింది, మా ఆయన్ని అడిగింది, తమలపాకు తీగ బతికిందా అని అడిగింది. బతికిందన్నాను. నేను చెప్పులు విప్పి మెట్టు మీద నిలబడ్డాను. కాళ్ళ నిండా దుమ్ము. ఆమె లోపలికి వెళ్ళింది. డ్రమ్ము మూత తీసిన చప్పుడు, చెంబు అడుగున గీసుకున్న చప్పుడు వినిపించాయి. ఎడమచేత్తో పట్టుకుని, కుడిచెయ్యి కింద ఆనించి తెచ్చింది. అదే ఇత్తడి చెంబు. సగం కూడా లేదు.

పాత అలవాటున నేను కాళ్ళు ముందుకు పెట్టాను. ఆమె ఆగింది. మొట్టమొదటిసారి ఆమె మొహంలో సిగ్గు చూశాను.

"కాల్లకి లేవు దీదీ" అంది. "తాగడానికే ఉన్నాయి. ఇప్పుడే తాగొచ్చానని మాత్రం అనకండి."

దుమ్ము కాళ్ళతోనే గడప దాటి, చాప మీద కూర్చుని, చెంబు ఖాళీ అయ్యేదాకా తాగాను.